వర్చువల్ మెషిన్ సాఫ్ట్‌వేర్ ఎంచుకునే ముందు

అమ్మాయీ,

ఇంటి కంప్యూటర్ మీదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ నడపడానికి, అంటే వర్చువల్ మెషిన్ పెట్టడానికి, వర్చువల్‌బాక్స్ వేసుకోవాలా, వీఎంవేర్ వేసుకోవాలా అని అడిగావు. ఆ రెండింట్లో ఏది గొప్పదో తర్వాత చూద్దాం. నీ కంప్యూటర్‌లో ఇప్పటికే ఏం నడుస్తోందో తెలిస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ముందుగా టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కు. వర్చువలైజేషన్ అన్నచోట ఎనేబుల్డ్ అని కనిపించాలి. లేకపోతే బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరుచుకునే సెట్టింగుల తెర) వెళ్లి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే వీటీ-ఎక్స్, ఏఎండీ అయితే ఎస్‌వీఎం మోడ్ ఆన్ చెయ్యి. బయోస్ ముట్టుకునే ముందు బిట్‌లాకర్ (డిస్కుకి విండోస్ వేసే తాళం) రికవరీ కీ ఎక్కడుందో చూసి రాసిపెట్టుకో. సెట్టింగులు మారాక విండోస్ దాన్ని అడగొచ్చు. అప్పుడు కీ లేకపోతే నీ ఫైళ్లే నీకు అందవు.

ఇక అసలు చిక్కు. ప్రాసెసర్‌లోని ఈ సదుపాయం ఒక సమయంలో ఒక్క హైపర్‌వైజర్ (వర్చువల్ మెషిన్లను నడిపే ప్రోగ్రాం) చేతిలోనే ఉంటుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నట్టే. విండోస్‌లో హైపర్-వీ (మైక్రోసాఫ్ట్ సొంత వర్చువల్ మెషిన్ సాధనం) గాని, డబ్ల్యూఎస్‌ఎల్ 2 (విండోస్ లోపల లినక్స్ నడిపేది) గాని, డాకర్ (ప్రోగ్రాంలను విడివిడి కంటైనర్లలో నడిపేది) గాని ఉంటే మైక్రోసాఫ్ట్ హైపర్‌వైజర్ ముందే వచ్చి కూర్చుంటుంది. ఇవేవీ నువ్వు పెట్టకపోయినా, విండోస్ సెక్యూరిటీలోని మెమరీ ఇంటిగ్రిటీ ఆన్‌లో ఉంటే అంతే. అప్పుడు వర్చువల్‌బాక్స్ దాని మీద ఆధారపడి నడవాల్సి వస్తుంది. కింది పట్టీలో ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తే జరుగుతున్నది ఇదే. మెషిన్ నత్తనడక నడుస్తుంటే చాలామంది ర్యామ్ పెంచుతూ పోతారు. దానివల్ల లాభం లేదు, కారణం వేరేచోట ఉంది.

దారులు రెండే. డబ్ల్యూఎస్‌ఎల్, డాకర్ నీకు అక్కర్లేకపోతే విండోస్ ఫీచర్లలో హైపర్-వీ, వర్చువల్ మెషిన్ ప్లాట్‌ఫామ్, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్ మూడింటికీ టిక్కు తీసేసి రీస్టార్ట్ చెయ్యి. అప్పటికీ తాబేలు పోకపోతే మిగిలింది మెమరీ ఇంటిగ్రిటీ. దాన్ని ఆపితే విండోస్‌కున్న ఒక రక్షణ పోతుంది. రోజూ బ్యాంకు పనులు చేసే కంప్యూటర్‌లో ఆపొద్దనే నేను చెబుతాను. రెండో దారి, ఆ హైపర్‌వైజర్‌నే వాడుకోవడం. నీది విండోస్ ప్రో అయితే హైపర్-వీ అందులోనే ఉంటుంది. హోమ్ ఎడిషన్‌లో ఉండదు. అది స్థిరంగా నడుస్తుంది కాని, యూఎస్‌బీ పరికరాన్ని నేరుగా గెస్ట్‌కి (మెషిన్ లోపల నడిచే సిస్టమ్) ఇవ్వలేవు. లినక్స్ డెస్క్‌టాప్ తెర సైజు, శబ్దం విషయంలో కూడా సతాయిస్తుంది.

ఈ అడ్డు లేని విండోస్ మీద, నేర్చుకోవడానికైతే వర్చువల్‌బాక్స్ చాలు. దానికి అదనపు సదుపాయాలిచ్చే ఎక్స్‌టెన్షన్ ప్యాక్‌కి లైసెన్సు వేరు. ఇంట్లో సొంతానికి ఉచితమే, ఆఫీసు పనికి కాదు. తెర మీద గ్రాఫిక్స్ సాఫీగా కదలాలంటే వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో మేలు. 2024 నవంబరు నుంచి అది అందరికీ ఉచితం, కాకపోతే డౌన్‌లోడ్‌కి బ్రాడ్‌కామ్ ఖాతా తెరవాలి. పెద్ద ఆటలు ఆడాలనుకుంటే మాత్రం రెండూ వద్దు, ఆ పని వర్చువల్ మెషిన్‌ది కాదు.

హోస్ట్, అంటే నీ అసలు కంప్యూటర్‌లోని సిస్టమ్, లినక్స్ అయితే ఆలోచించకు, అక్కడ వర్చువల్ మెషిన్లు నడిపే వర్ట్-మేనేజర్ వేసుకో. దాని వెనకున్న హైపర్‌వైజర్ కేవీఎం 2007 నుంచి లినక్స్ కెర్నల్‌లోనే (సిస్టమ్ గుండెలాంటి భాగం) ఉంది. నీ యూజర్‌ని లిబ్‌వర్ట్ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వు. అందులో విండోస్ పెట్టేటప్పుడు డిస్కుకి వర్టయో (వర్చువల్ మెషిన్ల కోసమే చేసిన డిస్కు రకం) ఎంచుకుంటే ఇన్‌స్టాలర్‌కి డిస్కే కనిపించదు. భయపడకు, వర్టయో డ్రైవర్ల ఐఎస్‌ఓని (సీడీకి నకలైన ఫైలు) రెండో సీడీగా తగిలించి డ్రైవర్ లోడ్ చేస్తే వస్తుంది. లినక్స్ మీద కూడా వర్చువల్‌బాక్సే కావాలంటే, సెక్యూర్ బూట్ (సంతకం ఉన్నవాటినే రానిచ్చే రక్షణ) ఆన్‌లో ఉన్నప్పుడు దాని కెర్నల్ మాడ్యూల్‌కి సంతకం లేనిదే లోడ్ కాదని గుర్తుంచుకో.

ఎం1, ఆ తర్వాతి చిప్పులున్న మ్యాక్‌లో ఆర్మ్ (ఆ చిప్పుల రకం పేరు) సిస్టమ్‌లు మాత్రమే వేగంగా నడుస్తాయి. అక్కడ వర్చువల్ మెషిన్లు నడపడానికి యూటీఎం గాని, వీఎంవేర్ ఫ్యూజన్ గాని ఉచితంగా దొరుకుతాయి. మామూలు పీసీల ఐఎస్‌ఓ తెచ్చి పెట్టకు.

ర్యామ్ సంగతి. మొత్తం 8 జీబీ ఉంటే గెస్ట్‌కి 4 దాటనివ్వకు. తేలికపాటి లినక్స్‌కి 2 చాలు. విండోస్ 11కి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు, టీపీఎం 2.0 (భద్రత కోసం పెట్టే చిప్పు) కావాలి. వర్చువల్‌బాక్స్‌లో టీపీఎం 7.0 నుంచే ఉంది, పాతది వాడితే ఇన్‌స్టాలర్ మొదట్లోనే ఆగిపోతుంది. గెస్ట్ విండోస్‌కి వేరే లైసెన్సు కావాలి, హోస్ట్‌ది సరిపోదు. ప్రాసెసర్ కోర్లు సగానికి మించి ఇవ్వకు. అన్నీ ఇచ్చేస్తే హోస్ట్‌కి ఊపిరాడదు, దాంతో గెస్ట్ కూడా నెమ్మదిస్తుంది.

డిస్కు డైనమిక్‌గా పెట్టు, ఎస్‌ఎస్‌డీ మీదే పెట్టు. ఆ ఫైలు వాడుకొద్దీ పెరుగుతుంది గాని, లోపల ఫైళ్లు తుడిచేసినంత మాత్రాన తగ్గదు. హోస్ట్ డిస్కు నిండిపోతే మెషిన్ ఉన్నట్టుండి ఆగుతుంది. అందుకే 20 జీబీ అయినా ఎప్పుడూ ఖాళీగా ఉంచు.

స్నాప్‌షాట్‌ని (మెషిన్ ఆ క్షణాన ఉన్న స్థితిని గుర్తుపెట్టే సదుపాయం) బ్యాకప్ అనుకోకు. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. స్నాప్‌షాట్ తీశాక కొత్త రాతలన్నీ వేరే ఫైల్లోకి వెళ్తాయి, పాత ఫైలు పునాదిలా అడుగున ఉంటుంది. ఆ పునాది చెడితే పైనున్నవేవీ తెరుచుకోవు. ఫోల్డర్‌లోకి వెళ్లి పాత ఫైలు అనవసరమనుకుని చేత్తో తుడిచేస్తే మెషిన్ మొత్తం పోయినట్టే. తీసేయాలంటే సాఫ్ట్‌వేర్ లోపలినుంచే తియ్యి, అది విలీనం చేసేదాకా ఓపిక పట్టు. రెండు మూడింటికి మించి ఉంచకు. అసలైన బ్యాకప్‌కి మెషిన్‌ని పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఓవీఏగా (మెషిన్ మొత్తం ఒకే ఫైలుగా) ఎక్స్‌పోర్ట్ చేసి బయటి డ్రైవ్‌లో పెట్టు. ఆ డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీకి మించిన ఫైలు పట్టదు, ఎక్స్‌ఫ్యాట్ చేసుకో.

వర్చువల్‌బాక్స్‌లో గెస్ట్ ఇన్‌స్టాల్ అయ్యాక మొదటి పని, దాని లోపల గెస్ట్ అడిషన్స్ అనే డ్రైవర్లు పెట్టడం. అవి లేకపోతే తెర చిన్నగానే ఉండిపోతుంది, కాపీ-పేస్ట్ అవతలికి వెళ్లదు. లినక్స్ గెస్ట్‌లో షేర్డ్ ఫోల్డర్ కనిపిస్తూనే అనుమతి లేదంటే, నీ యూజర్ వీబాక్స్ఎస్ఎఫ్ గ్రూపులో లేదన్నమాట.

నెట్‌వర్క్‌ని నాట్‌లోనే (హోస్ట్ ద్వారానే గెస్ట్ బయటికి వెళ్లే పద్ధతి) వదిలెయ్యి. వైఫై మీద బ్రిడ్జ్ (గెస్ట్ వేరే కంప్యూటర్‌లా నేరుగా రౌటర్‌కి కలిసే పద్ధతి) పెడితే చాలాసార్లు గెస్ట్‌కి ఐపీ రాదు, ఎందుకంటే ఒక్కో కనెక్షన్‌కి ఒక్క మ్యాక్ అడ్రసునే (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) ఒప్పుకునే రౌటర్లు ఎక్కువ. గెస్ట్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి ఆదేశాలిచ్చే పద్ధతి) వెళ్లాలంటే నాట్‌లోనే పోర్ట్ ఫార్వార్డింగ్ తెరిచి, హోస్ట్ పోర్ట్ 2222ని గెస్ట్ పోర్ట్ 22కి కలుపు. అనుమానమున్న ఫైలు తెరిచి చూడ్డానికే మెషిన్ పెడుతున్నావా, అయితే నెట్‌వర్క్, క్లిప్‌బోర్డు, షేర్డ్ ఫోల్డర్ మూడూ ఆపాకే తెరువు.

టాస్క్ మేనేజర్‌లో ఏం కనిపించిందో, నీది హోమా ప్రోనా, ర్యామ్ ఎంతో రాయి. ఏ సాఫ్ట్‌వేరో అప్పుడు తేల్చి చెబుతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న