రెండో ఆట గురించి రాస్తున్న చిరంజీవికి

మొగల్రాజపురం,
విజయవాడ.

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు గుంటూరు నుంచి పంపిన వ్యాసం అందింది. పన్నెండు పేజీలూ రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకొని చదివాను కనుక మార్జిన్ల నిండా గీతలు కనిపిస్తాయి, కంగారు పడకు. 'డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్' అనే కంప్యూటరు ఆట మేలా, దాని తరువాత వచ్చిన 'డ్రాగన్ ఏజ్ 2' మేలా అని బ్రాడీపేటలోని నీ గదిలో మీరు నలుగురు మిత్రులు తెల్లవారే దాకా వాదించుకున్న సంగతితో మొదలుపెట్టావు. ఆ పేజీ నిజంగా బాగుంది. అయితే రెండో పేజీకి వచ్చేసరికి ఆ నలుగురినీ గదిలోనే వదిలేసి, నువ్వొక్కడివే న్యాయమూర్తి కుర్చీలో కూర్చున్నావు. మొత్తం మీద మొదటిదే మేలని చెప్పడానికి పదకొండు పేజీలు అక్కరలేదు. ఆ మాట మీ గదిలో ఇద్దరు అప్పటికే అన్నారు, ఇంకో ఇద్దరు కాదన్నారు. పాఠకుడికి కావలసింది మీలో ఎవరు గెలిచారన్నది కాదు. ఒకే ఆటను ఒకే తెర మీద ఆడిన నలుగురు సరిగ్గా ఏ మార్పు దగ్గర విడిపోయారో, ఆ మార్పు ఎందుకు జరిగిందో అతనికి చూపించాలి. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే, మిగతాదంతా దానికి వివరణ.

ముందు గుహల సంగతి తీసుకుందాం, ఎందుకంటే నీ కోపమంతా అక్కడే ఉంది. రెండో ఆటలో ఎక్కడికి వెళ్లినా అదే గుహ, అదే వంపు, అదే హాలు. ఒకసారి ఈ తలుపు మూసి ఉంటుంది, ఇంకోసారి ఆ దారికి రాతిపలక అడ్డం పెట్టి ఉంటుంది. ఇంతవరకు నువ్వు చెప్పింది నిజమే, ఆడినవాళ్లంతా ఒప్పుకునేదే. కాని దాని పక్కనే తయారుచేసినవాళ్ల బద్ధకం అని రాశావు. ఆ మాట కొట్టేశాను. మొదటి ఆట 2009 నవంబరులో వచ్చింది, రెండోది 2011 మార్చిలో. మధ్యలో ఉన్నది పదహారు నెలలు. అంత కొద్ది వ్యవధిలో అంత పెద్ద ఆటకు కొత్త కొత్త చోట్లు కట్టడం కష్టం కనుక ఉన్న చోట్లనే మళ్లీ మళ్లీ వాడుకున్నారు. ఇది చెప్పావంటే నీ ఫిర్యాదు బలహీనపడదు, తిట్టులా కాక కారణం తెలిసిన మాటలా నిలబడుతుంది.

ఇంకొక అడుగు వెయ్యి. గుహలను మళ్లీ వాడిన ఆ పొదుపే కథను కిర్క్‌వాల్ అనే ఒక్క నగరానికి కట్టివేసింది కూడా. మొదటి ఆటలో దేశమంతా తిరుగుతాం, రెండోదానిలో ఏళ్ల తరబడి ఒకే ఊళ్లో ఉంటాం. మనతో నడిచే సహచరులకు అక్కడ తలా ఒక నివాసం ఉంటుంది, వాళ్లతో మాట్లాడాలంటే వాళ్లున్న చోటికి వెళ్లాలి. అదే వీధిలో మూడోసారి నడుస్తున్నప్పుడు, వలస వచ్చిన తొలి రోజుల్లో ఇక్కడే కదా పనికోసం తిరిగామని గుర్తుకు వస్తుంది. అదే గుహలో మూడోసారి నడుస్తున్నప్పుడు అలాంటిదేమీ గుర్తుకు రాదు, ఆవలింత వస్తుంది. రెండు చోట్లా జరిగింది పునరుక్తే. ఒకటి కథకు ఉపయోగపడింది, ఇంకొకటి పడలేదు. ఏళ్లు గడిచినా ఆ వీధి పెద్దగా మారదన్నది వేరే లోపం, అది కూడా రాయి. నువ్వు వీధినీ గుహనూ ఒకే గంపలో వేసి తూచావు, అందుకే మీ గదిలో రెండో ఆటను వెనకేసుకొచ్చిన ఇద్దరికీ నీ వ్యాసంలో సరైన జవాబు లేదు.

ఇప్పుడు నా పొరపాటు ఒకటి చెబుతాను. మా అబ్బాయి అమెరికా వెళుతూ వదిలి వెళ్లిన కంప్యూటరు మీద నేను ఈ ఆటలు నేర్చుకున్నానని నీకు తెలుసు. ఒక మే నెలలో, పెట్టె వేడెక్కి ఆగిపోకుండా దానికి ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టుకొని రెండో ఆట పూర్తి చేశాను, చేసిన వారంలోనే ఒక పత్రికకు వ్యాసం రాసిచ్చాను. అందులో మొదటి ఆటలోని రెడ్‌క్లిఫ్ అనే ఊరి ఘట్టాన్ని ఆకాశానికెత్తాను. కోటలో దయ్యం పట్టిన పిల్లవాడు కానర్. వాడిని చంపాలి, లేదా వాడి తల్లి ప్రాణమిచ్చి చేసే రక్తమంత్రానికి ఒప్పుకోవాలి, లేదా సరస్సు అవతలి మంత్రగాళ్ల సహాయం తెచ్చుకోవాలి. ఆ సహాయం కోసం వెళితే ఈలోగా ఊరు నాశనమైపోతుందని, అంత కఠినమైన ఎంపిక రెండో ఆటలో ఎక్కడుందని నిలదీశాను. అచ్చయిన పది రోజులకు ఒక పాఠకుడు పోస్టుకార్డు రాశాడు: "అయ్యా, మీరు మళ్లీ ఆడి చూడండి. ఊరు నాశనమయ్యేది అంతకు ముందు, రాత్రి శవాలు దాడి చేయడానికి ముందే మనం ఊరు వదిలి వెళితే. కానర్ విషయంలో ఎంత దూరం వెళ్లివచ్చినా ఏమీ జరగదు, పిల్లవాడు అలాగే కాచుకొని ఉంటాడు."

మళ్లీ ఆడాను. ఆయన చెప్పిందే నిజం. రెండు వేరువేరు ఘట్టాలను నా జ్ఞాపకం కలిపి కుట్టి, మొదటి ఆటలో లేని గొప్పతనాన్ని దానికి తొడిగింది. అటువంటి కల్పిత ఆటతో పోల్చి, ఎదురుగా ఉన్న నిజమైన ఆటను చులకన చేశాను. కాబట్టి నా మార్జిన్ గీతల్లో ఎక్కువ భాగం ఒకే ప్రశ్న అడుగుతాయి: ఇది మళ్లీ ఆడి రాశావా, గుర్తున్నది రాశావా? నీ ఐదో పేజీలో మొదటి ఆటలో ప్రతి నిర్ణయానికీ ఫలితం ఉండేదన్న వాక్యం ఉంది. నిన్ను అవమానించాలని కాదు గాని, అది గుర్తున్నదే.

నిర్ణయాల విషయంలోనే నీ వ్యాసానికి అసలైన గుండె దొరుకుతుందని నా అభిప్రాయం. రెండో ఆటలో కథానాయకుడైన హాక్ తల్లి లియాండ్రా చనిపోయే ఘట్టం నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు. ఆట వచ్చి చాలా ఏళ్లయింది కనుక రహస్యం బయటపెట్టామని నొచ్చుకునేవారు ఉండరు, తీరుబడిగా రాయి. నగరంలో ఆడవాళ్లు మాయమవుతున్నారు, మాయమయ్యే ముందు వాళ్లకు తెల్లని లిల్లీ పూలు అందుతున్నాయి. ఒకరోజు హాక్ ఇంటికి వస్తే ఇంట్లో తెల్లని లిల్లీ పూలు కనిపిస్తాయి. ఆడేవాడి కడుపులో చెయ్యిపెట్టి తిప్పినట్టు ఉంటుంది. పరుగెత్తుతాడు. ఏ సమాధానం ఎంచుకున్నా, ఎంత తొందరపడినా ఆమె దక్కదు. మీ వాదనలో ఒకడు ఇక్కడే కదా, మన చేతిలో ఏమీ లేనప్పుడు ఇది ఆట ఎలా అవుతుందని అరిచింది? వాడు మొదటి ఆట నేర్పిన నమ్మకంతో అరిచాడు. తగినంత ఆలోచిస్తే, నాలుగు చోట్లకు తిరిగితే అందరినీ కాపాడే దారి ఒకటి ఉంటుందని రెడ్‌క్లిఫ్ వాడికి నేర్పింది. కిర్క్‌వాల్ ఆ నమ్మకాన్ని విరగ్గొట్టింది. అలా విరగ్గొట్టడం కొందరికి మోసంగా తోచింది, కొందరికి ఎదిగిన కథగా తోచింది. నాకు రెండోదే సబబనిపిస్తుంది, కాని ఈ ఒక్క ఘట్టం వరకే. ఆట చివర మంత్రగాళ్ల పక్షాన నిలిచినా, వాళ్లను అణచేవాళ్ల పక్షాన నిలిచినా దాదాపు అవే పోరాటాలు చేయవలసి రావడం మాత్రం ఎదిగిన కథ కాదు, చేతకానితనమే.

ఏం మాట్లాడాలో ఎంచుకునే మాటల చక్రం గురించి నీ ఫిర్యాదు సగమే సరైనది. మొదటి ఆటలో కథానాయకుడికి గొంతు లేదు, అతను అనబోయే వాక్యం మొత్తం తెర మీద కనిపించేది. రెండోదానిలో హాక్ నోరు విప్పి మాట్లాడతాడు. మనకు కనిపించేది రెండు మూడు మాటల సూచన, పక్కన శాంతమో వేళాకోళమో కరకుదనమో తెలిపే బొమ్మ. మనం ఒకటి అనుకొని నొక్కితే అతను ఇంకొకటి అంటాడు. ఇంతవరకు నువ్వు రాశావు. వదిలేసిన సగం ఏమిటంటే, మనం ఎక్కువసార్లు ఏ ధోరణి ఎంచుకుంటామో ఆట లెక్క పెట్టుకొని, మనల్ని అడగని చోట కూడా హాక్ చేత అదే ధోరణిలో పలికిస్తుంది. వేళాకోళపు హాక్ చావు ముందు కూడా వేళాకోళమే ఆడతాడు. మొదటి ఆటలో పాత్ర మన తలలో ఉండేది, రెండోదానిలో తెర మీద ఉంది. ఆరు రకాల పుట్టుకలలో ఒకటి ఎంచుకొని తన మనిషిని తానే ఊహించుకున్నవాడికి ఇది నష్టం, మంచి నటన ఇష్టపడేవాడికి లాభం. ఇక్కడ గీత గీసి చూపించు, తీర్పు చెప్పకపోయినా ఫరవాలేదు.

ఈ రెండు ఆటలనూ నన్నయ, తిక్కనలతో పోల్చిన మాట తీసెయ్యమన్నాను. చదవగానే ముచ్చటేసిన మాట నిజమే, కాని అది నిలవదు. నన్నయ ఆది, సభాపర్వాలూ అరణ్యపర్వంలో కొంత రాశాడు; తిక్కన విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు రాశాడు; మధ్యన మిగిలినది ఎఱ్ఱన పూరించాడు. తిక్కన ఆదిపర్వాన్ని తిరగరాయలేదు. ఆట తయారుచేసేవాడు అలా కాదు. కథను ముందుకు తీసుకెళుతూనే కత్తి తిప్పడం, మాట్లాడడం, సంచి సర్దుకోవడం అన్నీ మళ్లీ మొదటి నుంచి రాస్తాడు. అందుకే ఒకే ఆట కథలో ముందుకు వెళ్లి, పోరాటంలో వెనక్కి పోయిందని అనడానికి వీలుంటుంది.

ఈ తేడా చూపించడానికి నీకు వేరే ఉదాహరణలు కావాలంటే రెండు చాలు. ఇదే సంస్థ, బయోవేర్, 1998లో చేసిన 'బాల్డర్స్ గేట్'లో మన వెంట రాగల సహచరులు 25 మంది, 2000లో వచ్చిన రెండో భాగంలో 16 మంది. సంఖ్య తగ్గింది, తిరగడానికి అడవులూ మైదానాలూ తగ్గాయి, అయినా రెండోదే మేలనేవాళ్లు ఎక్కువ. ఆ పదహారుగురు ఒకరితో ఒకరు పోట్లాడుకుంటారు, ప్రేమలో పడతారు, మధ్యలో అలిగి వెళ్లిపోతారు. ఇంకొకటి ఒకే వరుసలో వచ్చిన 2002 నాటి 'మారోవిండ్', 2006 నాటి 'ఆబ్లివియన్'. మొదటిదానిలో కత్తి శత్రువుకు తగిలినట్టు కళ్లకు కనిపించినా లోపల పాచికలు ఒప్పుకోకపోతే దెబ్బ పడదు. రెండోదానిలో తగిలితే తగిలినట్టే, దారి చూపే గుర్తు కూడా తెర మీదే ఉంటుంది. సౌకర్యం పెరిగింది. కాని మనం బలపడిన కొద్దీ లోకమంతా బలపడాలని పెట్టిన ఏర్పాటు వల్ల, కొంతకాలానికి దారికాచే దొంగ కూడా రాజులకే దక్కవలసినంత ఖరీదైన కవచం తొడుక్కొని వచ్చి, నూరు నాణేలు ఇస్తావా చస్తావా అంటాడు. ఆ కవచం ఒక్కటి అమ్ముకుంటే వాడికి ఆ వృత్తే అక్కరలేదు! సరదాగా ఉంటుంది గనుక చెప్పాను, నీ వ్యాసంలో ఒక పేరాకు మించనివ్వకు.

భాష గురించి ఒక్క మాట. గేమ్‌ప్లే మెరుగుపడిందని నాలుగు చోట్ల రాశావు. ఆ మాటకు అర్థం లేదని కాదు, నువ్వు ఇంకా అర్థం చెప్పలేదు. మొదటి ఆటలో మన సైనికుడికి శత్రువును కొట్టమని చెబితే నడిచి వెళ్లి, అడుగు సర్దుకొని, అప్పుడు కత్తి ఎత్తుతాడు. రెండోదానిలో ఆజ్ఞ పూర్తి కాకముందే శత్రువు మీద ఉంటాడు. మొదటిదానిలో పోరాటం మొదలయ్యే ముందు శత్రువులెవరో, ఎక్కడున్నారో చూసి ఎవరిని ఎక్కడ నిలపాలో ఆలోచించుకుంటాం; రెండోదానిలో ఉన్నవాళ్లను చంపగానే ఇంకో గుంపు పైనుంచి దిగుతుంది, వేసుకున్న వ్యూహం నీళ్లపాలవుతుంది. ఇలా రాస్తే ఆ ఆట ఎన్నడూ చూడని మీ నాన్నగారికి కూడా తగువెక్కడో తెలుస్తుంది.

చివరగా, మీ నలుగురిలో ఒక కుర్రవాడికి నీ వ్యాసంలో ఒకే ఒక్క వాక్యం దక్కింది. రెండో ఆటను ముందు ఆడి, తరువాత మొదటిదానికి వచ్చినవాడు. మొదటిది నత్తనడకగా ఉందని అతనన్నట్టు రాసి, పాపం తెలియక అన్నాడన్నట్టు వదిలేశావు. మీ అందరిలో మొదటి ఆట మీద తొలిప్రేమ లేనివాడు అతనొక్కడే. అలాగని అతను తటస్థుడని కాదు, అతని తొలిప్రేమ కిర్క్‌వాల్. హాక్ సహచరుడు వారిక్ చెబుతుంటే కథ మొదలవుతుంది, హాక్ రాక్షసులను ఊచకోత కోస్తాడు, వారిక్‌ను విచారిస్తున్న కసాండ్రా మధ్యలో ఆపి అబద్ధాలు చాలు, నిజం చెప్పమంటుంది. ఆ క్షణంలో తాను పెద్దగా నవ్వానని అతను చెప్పిన సంగతి నువ్వే ఫోనులో నాకు చెప్పావు. అది వ్యాసంలో ఎందుకు లేదు?

వచ్చే ఆదివారం పెళ్లికి గుంటూరు వస్తున్నాను. భోజనాలయ్యాక నాలుగింటికి నీ గదికి వస్తాను, అతన్ని కూడా రమ్మను. మొదటి ఆటలో రెడ్‌క్లిఫ్ కోటలోకి వెళ్లే ముందు ఒక సేవ్ (ఆటను అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టేలా దాచినది), రెండోదానిలో ఇంట్లో పూలు కనిపించే ముందు ఒక సేవ్ సిద్ధంగా ఉంచు. రెండు చోట్లా కంట్రోలర్ అతని చేతికే ఇద్దాం. నువ్వు కాగితం, పెన్ను పట్టుకొని పక్కన కూర్చో, మధ్యలో మాట్లాడకు.

నీ బాబాయి