ఆల్ఫాఫోల్డ్ వచ్చేశాక ప్రోటీన్ నిర్మాణాల మీద పోస్ట్‌డాక్ ఎందుకు?

ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ అయిపోయింది, ప్రోటీన్ల నిర్మాణాన్ని కంప్యూటర్‌తో తేల్చే పద్ధతుల మీద పనిచేసే ల్యాబ్ ఒకటి పోస్ట్‌డాక్‌కి (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగానికి) రమ్మంటోంది, కానీ సీక్వెన్స్ (అమైనో ఆమ్లాల వరస) చూసి ప్రోటీన్ ఆకారాన్ని ఊహించే ఏఐ ప్రోగ్రాం ఆల్ఫాఫోల్డ్ అంతా చేసేశాక ఇంకా మిగిలిందేంటి అని అడిగారు. చేరమనే అంటాను. అయితే ఏ ల్యాబైనా పర్లేదని మాత్రం అనను.

2020 నవంబరు ఆఖర్లో కాస్ప్ 14 ఫలితాలు వచ్చేనాటికి నేను పోస్ట్‌డాక్‌లో చేరి ఏడాది దాటింది. కాస్ప్ అంటే రెండేళ్లకోసారి జరిగే పరీక్ష. ప్రయోగంలో తేలినా ఇంకా బయటపెట్టని నిర్మాణాలను సీక్వెన్స్ చూసి ఊహించి పంపాలి. ఆసారి ఆల్ఫాఫోల్డ్ అందరినీ దాటేసింది. సరిగ్గా ఆ వారమే గ్రూప్ మీటింగ్‌లో మాట్లాడే వంతు నాది. ఒకే ప్రోటీన్‌కి కట్టిన పది రకాల మోడళ్లలో మంచిదాన్ని ఏరే స్కోరింగ్ ఫంక్షన్ నా ప్రాజెక్టు. మూడో స్లైడ్ దగ్గర నేనే ఆగిపోయాను. ఎవరూ ఒక్క మాటా అనలేదు. ఏదో ఒకటి అనుంటే బాగుండేది.

ఆ ప్రాజెక్టు అక్కడితో సరి. తర్వాత మూడేళ్లు నేను చేసిందంతా క్రయో-ఈఎం (గడ్డకట్టించిన నమూనాని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూసే పద్ధతి) ఇచ్చే త్రీడీ మ్యాపుల్లో మోడళ్లు కట్టడం, కట్టినవాటిలో తప్పులు పట్టే ప్రోగ్రాములు రాయడం. మీకు పనికొచ్చే సంగతి ఇక్కడే ఉంది.

ఒకసారి 3.9 ఆంగ్‌స్ట్రామ్‌ల మ్యాప్‌లో ఒక హెలిక్స్ (స్ప్రింగులా చుట్టుకున్న ప్రోటీన్ భాగం) కడుతున్నాను. ఆ రిజల్యూషన్‌లో వెన్నెముక సాగిన దారి తెలుస్తుంది, పక్కగొలుసులు మాత్రం చిన్న చిన్న బుడిపెల్లా కనిపిస్తాయి. అమైనో ఆమ్లాల్లో లూసిన్‌కీ మెథియోనిన్‌కీ తేడా చెప్పడం కష్టం. ఆస్పార్టేట్, గ్లుటమేట్‌ల సంగతి మరీ అన్యాయం, ఎలక్ట్రాన్ల దెబ్బకి వాటి డెన్సిటీ సగం ఎగిరిపోతుంది. పెద్ద బుడిపె ఒకటి కనబడగానే ట్రిప్టోఫాన్ దొరికిందని సంబరపడి, దాన్ని పట్టుకుని మిగతా సీక్వెన్స్ అంతా వరసగా పేర్చేశాను. తీరా చూస్తే అది ట్రిప్టోఫాన్ కాదు, దాని పక్కనున్న ఫినైలలనిన్. అంటే హెలిక్స్ మొత్తం ఒక్క రెసిడ్యూ (గొలుసులోని ఒక అమైనో ఆమ్లం) జరిగిపోయింది. ఒక చుట్టుకి 3.6 రెసిడ్యూలు కాబట్టి, ఒక్కటి జరిగితే ప్రతి పక్కగొలుసూ 100 డిగ్రీలు తిరుగుతుంది. నూనెలా లోపల దాక్కోవాల్సిన లూసిన్‌లు నీళ్లవైపు, నీళ్లవైపు ఉండాల్సిన లైసిన్‌లు లోపలికి!

మరి తప్పు చూపించాల్సిన లెక్కలన్నీ ఏమన్నాయి? బాగుందన్నాయి. రామచంద్రన్ ప్లాట్‌లో ఒక్క చుక్క కూడా గీత దాటలేదు. జి.ఎన్. రామచంద్రన్ బృందం 1963లో ఇచ్చిన ఆ పటం చూసేది వెన్నెముక మలుపుల్ని, నా వెన్నెముక భేషుగ్గానే ఉంది. దాని మీద తగిలించిన పేర్లే తప్పు. పట్టుకోవడానికి మూడు వారాలు పట్టింది. పట్టించింది ఎవరనుకున్నారు, ఆల్ఫాఫోల్డే. దాని మోడల్‌ని మ్యాప్‌లో పెట్టి పక్కపక్కన చూస్తే ఆ ఒక్క హెలిక్స్‌లోనే రెసిడ్యూల అంకెలు ఒకటి తేడాగా కనబడ్డాయి.

అలాగని దానికి దండం పెట్టేసి కూర్చోలేం. ఆ తర్వాతి ప్రోటీన్‌లో రెండు డొమైన్లు (విడివిడిగా ముడుచుకునే భాగాలు) ఉన్నాయి. రెండింటికీ ఆల్ఫాఫోల్డ్ నూటికి 90 పైన నమ్మకం చూపించింది, విడివిడిగా చూస్తే రెండూ నిజంగానే కరెక్టు. కానీ మూసుకున్న పుస్తకంలా అతికించి ఇచ్చింది. మా మ్యాప్‌లో పుస్తకం తెరిచి ఉంది. డొమైన్ల మధ్య పొరపాటు ఎంత ఉండొచ్చో చెప్పే పటం కూడా అదే ఇస్తుంది, అందులో ముందే హెచ్చరిక ఉంది. నేను తెరిచి చూడలేదంతే. మందు అణువు వచ్చి కూర్చుంటే ఆకారం ఎలా మారుతుంది, ఒకే నమూనాలో ఎన్ని ఆకారాలున్నాయి, కణం లోపల ఎలా ఉంటుంది, ఇవన్నీ ఇంకా తెగని ప్రశ్నలే. అసలు ఆల్ఫాఫోల్డ్ నేర్చుకున్నది కూడా 1971లో ఏడు నిర్మాణాలతో మొదలైన ప్రోటీన్ డేటా బ్యాంక్ నుంచే కదా.

ఫిజిక్స్ వాళ్లు కాబట్టి, ఒప్పుకునే ముందు ఒక సాయంత్రం ఈ పని చేసి చూడండి. ఏ బొమ్మా లేని, వట్టి నాయిస్‌తో నిండిన చిన్న చిత్రాలు వెయ్యి తయారు చేయండి. ఒక్కోదాన్ని ఐన్‌స్టీన్ ఫొటోతో పోల్చి, బాగా కలిసేచోటికి జరిపి, అన్నిటి సగటు తీయండి. ఐన్‌స్టీన్ వచ్చి కూర్చుంటాడు. క్రయో-ఈఎం దిగ్గజం రిచర్డ్ హెండర్సన్ 2013లో ఇదే ఉదాహరణతో మొత్తం రంగాన్ని హెచ్చరించారు. వెతికేదే దొరుకుతుందన్న ఆ భయం ఒకసారి మీ చేత్తో చేసి చూస్తే గానీ ఒంటబట్టదు. డేటాని రెండు సగాలుగా విడదీసి విడివిడిగా లెక్కకట్టడం, ఆ రెండిటి పోలిక 0.143కి పడిపోయేచోట రిజల్యూషన్ చదవడం లాంటివన్నీ ఎందుకు పెట్టుకున్నామో అప్పుడు తెలుస్తుంది. ఆ అంకెనీ గుడ్డిగా నమ్మకండి. మాస్క్‌ని (ప్రోటీన్ చుట్టూ గీసే హద్దుని) మరీ బిగించి కడితే రిజల్యూషన్ ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపిస్తుంది. నేనూ ఒకసారి అలా సంబరపడ్డవాణ్నే.

రోజువారీ పని మాత్రం ఇంత అందంగా ఉండదు. సగం కాలం ఫైల్ ఫార్మాట్లకే పోతుంది. ప్రోటీన్ డేటా బ్యాంక్ వాళ్ల పాత పీడీబీ ఫార్మాట్‌లో 99,999 అణువులు దాటితే చోటే లేదు. మొదటి నెలలో రెండు రోజులు ఒక మ్యాప్‌తో కుస్తీ పట్టాను, కుడిచేతి వాటంగా తిరగాల్సిన హెలిక్స్‌లన్నీ ఎడమచేతి వాటంగా తిరుగుతున్నాయి. మ్యాప్ అద్దంలో బొమ్మలా తిరగబడి ఉందని పక్కసీటు అమ్మాయి వచ్చి, చూసి, నవ్వి చెప్పింది.

ఇక ల్యాబ్ సంగతి. సొంత డేటా గానీ, డేటా ఇచ్చే ప్రయోగశాలతో గట్టి పొత్తు గానీ ఉందా అని సూటిగా అడగండి. ఎవరో పోగేసిన పట్టికలో రెండు పాయింట్లు పెంచడానికి పెద్ద నెట్‌వర్క్ ట్రైన్ చేస్తామంటే వద్దనే చెప్తాను. పెద్ద కంపెనీలతో జీపీయూల లెక్కలో పోటీపడలేం. ఇంతకుముందు పోస్ట్‌డాక్‌లు రాసిన ప్రోగ్రాములు ఇప్పటికీ నడుస్తున్నాయా, ఎవరు చూసుకుంటున్నారు అని కూడా అడగండి. జవాబు నీళ్లు నమిలినట్టుంటే, మీ కోడ్ గతీ అంతే.

ఫూరియే ట్రాన్స్‌ఫార్మ్ మీకు కొత్త కాదు కాబట్టి గణితానికి భయపడక్కర్లేదు. ఇరవై అమైనో ఆమ్లాల ఆకారాలు మాత్రం ఇప్పటినుంచే కంఠతా పట్టండి. ఫినైలలనిన్‌నీ ట్రిప్టోఫాన్‌నీ మసక బుడిపెలో తేడా పట్టేలా.