15 వేల కాంట్రాక్ట్ పనా, 9 వేల అప్రెంటిస్‌షిప్పా?

ప్రశ్న: మాది నాయుడుపేట దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి రెండేళ్ల ఐటీఐ ఫిట్టర్ పాసయ్యాడు. శ్రీసిటీలో ఒక ఏసీల కంపెనీకి మనుషుల్ని పెట్టే కాంట్రాక్టర్ నెలకు 15 వేలు, ఓటీ వేరే అంటున్నాడు. ఇంకో కంపెనీ ఏడాది అప్రెంటిస్‌గా రమ్మంటోంది, ఇచ్చేది 9 వేలే. టౌన్లో ఒక కోచింగ్ సెంటరు 40 వేలు కడితే మూడు నెలల్లో రోబోటిక్స్ నేర్పి ‘వంద శాతం ఉద్యోగం’ ఇప్పిస్తామంటోంది. ఏం చేయాలో తేలక టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ 40 వేలు కట్టకండి. సెంటరుకు వెళ్లి రోబోను ఒకసారి చూపించమనండి. నేను ఇలాంటి ఒక చోట అడిగితే ప్రొజెక్టర్ ఆన్ చేశారు!

ఇక మిగిలినవి రెండు. నెలకు 6 వేల తేడా అంటే ఏడాదికి 72 వేలు. ఇంట్లో అప్పుల ఒత్తిడి ఉంటే 15 వేలకే వెళ్లనివ్వండి, తప్పు లేదు. పీఎఫ్, ఈఎస్ఐ కడుతున్నారో లేదో మాత్రం చూసుకోండి. ఏడాది ఓపిక పట్టగలిగితే నేను అప్రెంటిస్‌షిప్పే చేయమంటాను.

కాంట్రాక్టర్ ద్వారా వెళ్లినవాళ్లను ఎక్కువగా అసెంబ్లీ లైన్లో నిలబెడతారు. ఒకే స్క్రూ రోజంతా బిగించాలి. ఆ పనికి ఫిట్టర్ అక్కర్లేదు, పది పాసైనవాడు చాలు. రెండేళ్ల తర్వాత కూడా అదే స్క్రూ, ఇంచుమించు అదే జీతం. కంపెనీకి నిజంగా కొరతగా ఉన్నది మెయింటెనెన్స్‌లో. ఏసీల ఫ్యాక్టరీలో రేకు నొక్కే ప్రెస్సులు, ప్లాస్టిక్ మౌల్డింగ్, రాగి గొట్టాలు అతికే బ్రేజింగ్ ఉంటాయి. ప్రెస్సు ఆగితే వెనకున్న లైనంతా ఆగుతుంది. అప్పుడు డ్రాయింగ్ చదివి, మైక్రోమీటర్ పట్టి, లోపం ఎక్కడుందో చెప్పగలిగినవాడి కోసం సూపర్‌వైజర్ వెతుక్కుంటాడు.

మీవాడికి ఐటీఐలో ఆకురాయి పట్టడం, కొలతలు తీయడం వచ్చి ఉంటాయి. మెషిన్లను ఆటోమేటిక్‌గా నడిపే చిన్న కంప్యూటర్ లాంటి పీఎల్‌సీ ప్యానెల్ మాత్రం బహుశా చూసి ఉండడు. అది అతని తప్పు కాదు. తెలంగాణలో 2024లో టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టింది ఈ లోటు పూడ్చడానికే. మీవాడి చదువు అయిపోయింది కాబట్టి ఇక ఆ మెషిన్లు నేర్చుకోవాల్సింది ఫ్యాక్టరీలోనే.

అయితే అప్రెంటిస్ అని పేరు పెట్టి హెల్పర్ పని చేయించుకునే చోట్లూ ఉన్నాయి. 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న కంపెనీ అప్రెంటిస్‌లను తీసుకోవాలని చట్టం చెబుతోంది. కొందరు లెక్క కోసమే తీసుకుంటారు. అందుకే చేరేముందు ఒప్పందం కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్లో నమోదవుతుందా అని అడగండి. నమోదు కాకపోతే అది అప్రెంటిస్‌షిప్పే కాదు, ఏడాది చివర పరీక్ష రాసి తెచ్చుకోవాల్సిన జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ రాదు. ఐటీఐ పాసైనవాళ్లకు నిబంధనల్లో కనీస స్టైపెండ్ (నెలకిచ్చే భత్యం) ఉంటుంది, మీకు చెప్పిన 9 వేలు దానికి తగ్గకుండా ఉందో లేదో చూసుకోండి. ఓటీ మీద ఆశ పెట్టుకోకండి, అప్రెంటిస్‌తో ఓటీ చేయించాలంటే ప్రత్యేక అనుమతి కావాలి.

ఏడాది తర్వాత ఉద్యోగం ఇచ్చితీరాలన్న రూలేమీ లేదు. కాబట్టి హెచ్ఆర్‌ను సూటిగా అడగండి: పోయినేడు ఎంతమంది అప్రెంటిస్‌లు ఉన్నారు, వాళ్లలో ఎంతమందిని ఉంచుకున్నారు, మావాణ్ణి ఏ సెక్షన్లో వేస్తారు? వీలైతే గేటు దగ్గర టీకొట్టులో అక్కడి కుర్రాళ్లనే అడగండి, హెచ్ఆర్ చెప్పనివి వాళ్లు చెబుతారు. ‘మెయింటెనెన్స్’ లేదా ‘టూల్ రూమ్’ (అచ్చులు, పనిముట్లు చేసే, బాగుచేసే సెక్షన్) అన్న మాట వినిపిస్తే అదే రోజు చేర్పించండి. ‘ప్రొడక్షన్ లైన్’ అంటే మాత్రం నా సలహా తారుమారే: ఎటూ అదే స్క్రూ బిగించాలి కాబట్టి 15 వేలు ఇచ్చేచోటే బిగించమనండి. అక్కడ పనిచేస్తూనే రైల్వే అప్రెంటిస్ నోటిఫికేషన్ కోసం చూస్తుండాలి. దక్షిణ మధ్య రైల్వేలో అప్రెంటిస్‌లను రాత పరీక్ష లేకుండా పది, ఐటీఐ మార్కులతోనే తీసుకుంటారు. మీవాడి మార్కులెన్నో రాయలేదు, అది కూడా తెలిస్తే ఇంకొంచెం చెప్పగలను.