ఎక్స్‌రే గదిలోంచి సీటీ గదిలోకి వెళ్లేముందు

చి. సరితకు ఆశీస్సులు.

సోమవారం నుంచి సీటీ స్కాన్ గదిలో డ్యూటీ అన్నావు. ఎక్స్‌రేలో చెయ్యి తిరిగినదానివి కాబట్టి రెంటికీ తేడా ఎక్కడుందో అక్కడి నుంచే చెబుతాను.

ఛాతీ ఎక్స్‌రే అంటే పక్కటెముకలు, గుండె, ఊపిరితిత్తులు, వెన్నెముక ఒకదాని మీద ఒకటి పడ్డ ఒకే నీడ. గుండె వెనక చిన్న గడ్డ ఉంటే అందులోనే కలిసిపోతుంది. సీటీలో ఎక్స్‌రే కిరణాలిచ్చే ట్యూబు, దానికి ఎదురుగా వాటిని కొలిచే డిటెక్టర్లు మనిషి చుట్టూ తిరుగుతాయి. ఒక్క చుట్టుకు అర సెకను పడుతుందేమో, అంతలోనే దాదాపు వెయ్యి కోణాల నుంచి కిరణం ఎంత తగ్గిందో కొలుస్తాయి. కంప్యూటర్ వాటిని లెక్కగట్టి అడ్డుకోతలో ప్రతి చుక్కకూ ఒక అంకె ఇస్తుంది. నీటికి 0, గాలికి -1000, కొవ్వుకు -100 దగ్గర, మెదడుకు 30-40, అప్పుడే గడ్డకట్టిన రక్తానికి 60-80. 1971లో లండన్‌లో మొదటి రోగిని స్కాన్ చేసిన యంత్రాన్ని తయారుచేసిన హౌన్స్‌ఫీల్డ్ పేరే ఈ అంకెల యూనిట్లకు పెట్టారు. పుర్రె ఎక్స్‌రేలో కనిపించని మెదడు రక్తస్రావం సీటీలో తెల్లగా బయటపడేది మెదడు అంకెకూ రక్తం అంకెకూ ఉన్న ఆ కాస్త తేడా వల్లే. అయితే విండో, అంటే తెర మీద నలుపు నుంచి తెలుపు దాకా చూపే అంకెల పరిధి, సరిగ్గా పెట్టాలి: తలకు వెడల్పు 80, లెవెల్ (పరిధి మధ్య అంకె) 40, ఊపిరితిత్తులకు 1500, -600.

ఇక అసలు సంగతి. వెయ్యి కోణాల్లోనూ మనిషి కదలకుండా, గ్యాంట్రీ (ట్యూబు తిరిగే గుండ్రటి చట్రం) నడిమధ్యలో ఉన్నాడనే అనుకుని యంత్రం లెక్క కడుతుంది. అందుకే స్కాన్ బాగుపడేదీ చెడేదీ నువ్వు బల్ల మీద పడుకోబెట్టేటప్పుడే. పక్క లేజర్ గీత శరీరం మందంలో సగానికి రావాలి. బల్ల ఎత్తు ఎక్కువై, స్కాన్‌కు ముందు తీసే సాదా బొమ్మ టోపోగ్రామ్‌కు ట్యూబు పైన ఉంటే, మనిషి ట్యూబుకు దగ్గరై లావుగా కనిపిస్తాడు. యంత్రం నిజంగానే లావనుకుని ఎంఏ, అంటే ట్యూబు కరెంటు, పెంచేస్తుంది. బల్ల కిందికి దిగిపోతే బొమ్మ గరుకుగా వస్తుంది. ఇది చాలామంది పట్టించుకోరు, నువ్వు మాత్రం ప్రతి రోగికీ చూడు.

ఊపిరి బిగబట్టడం బటన్ నొక్కకముందే ఒకసారి చేయించి చూడు. తల స్కాన్‌కు జడపిన్నులు, దిద్దులు, ముక్కుపుడక తీయించు, లేకపోతే చారలు పడతాయి. ఛాతీకైతే తాళి సంగతి వస్తుంది. తీయనంటే గొడవ పడకు, గొలుసు గడ్డం పైకి జరిపి టేపు వేస్తే చాలు.

ఛాతీ ఎక్స్‌రేకు రేడియేషన్ డోసు 0.1 మిల్లీసీవర్ట్ లోపు, ఛాతీ సీటీకి 5-7. కాబట్టి ఎక్స్‌రేలోలాగా 'ఇంకోటి తీద్దాం' అనుకోవద్దు. ఆడవాళ్లను చివరి నెలసరి తేదీ అడగందే మొదలుపెట్టకు. ఎముక రీకాన్ (అవే కొలతల నుంచి ఎముక వివరంగా కనిపించేలా మళ్లీ కట్టే బొమ్మ) కావాలంటే రా డేటా, అంటే ఆ అసలు కొలతలు, చెరిగిపోకముందే చేసుకో, మళ్లీ స్కాన్ అక్కర్లేదు.

బొమ్మ మధ్య గుండ్రటి వలయాలు కనిపిస్తే తప్పు రోగిది కాదు, ఒక డిటెక్టర్ తేడాగా చదువుతోందన్నమాట. ఎవరూ లేకుండా ఉత్త గాలితో డిటెక్టర్లను సరిచేసే ఎయిర్ క్యాలిబ్రేషన్ చెయ్యి. అప్పటికీ పోకపోతే తరువాతి రోగిని ఎక్కించకుండా ఇంజనీరుకు ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న