టైమింగ్ బెల్ట్ ఇంట్లో మార్చుకోవచ్చు, కానీ బెల్ట్ ఒక్కటే మార్చి ఊరుకోకండి

"మెకానిక్ కాని వాళ్ళు కారు టైమింగ్ బెల్ట్ ఇంట్లో మార్చుకోగలరా, లేక లేనిపోని తలనొప్పా?" అని అడిగారు. మార్చుకోగలరు. టైమింగ్ బెల్ట్ అంటే, పిస్టన్లు తిప్పే క్రాంక్ అనే ఇరుసు నుంచి, ఇంజిన్‌లోకి గాలి వచ్చే, పొగ పోయే వాల్వులను తెరిచి మూసే క్యామ్ అనే ఇరుసుకి తిరుగుడు అందించే పళ్ళ రబ్బరు బెల్ట్. నేను మెకానిక్‌ని కాదు. నా కారుకి నేనే మార్చుకున్నాను, తర్వాత మా బావగారి కారుకీ మార్చాను. ఆయిల్, బ్రేక్ ప్యాడ్లు సొంతంగా మార్చుకునే అలవాటున్న ఎవరికైనా చేతనయ్యే పనే ఇది. కాకపోతే మర్నాడు పొద్దున్నే ఆ కారుతో అవసరం ఉంటే మాత్రం మొదలుపెట్టొద్దు.

నేను ఇందులోకి ఎలా దిగానో చెప్తాను. నాది సెకండ్ హ్యాండ్ కారు. అమ్మినాయన "టైమింగ్ బెల్ట్ ఈమధ్యే మార్పించామండీ, ఇక మీరు దాని సంగతి మర్చిపోవచ్చు" అన్నాడు. ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. కానీ పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజిన్ పక్కనుంచి సన్నగా ఒక గరగర వచ్చేది, వేడెక్కాక తగ్గేది. చూపించిన చోటల్లా "ఆల్టర్నేటర్ బెల్టండీ, ఏం కాదు" అన్నారు. ఆ బెల్ట్ తీసేసి కొన్ని సెకన్లు ఇంజిన్ ఆన్ చేసి విన్నాను. గరగర అలాగే ఉంది. ఇక లాభం లేదని టైమింగ్ కవర్ విప్పాను.

బెల్ట్ కొత్తదే, మీద అక్షరాలు కూడా చెరగలేదు. దాన్ని బిగించి పట్టుకునే టెన్షనర్ మాత్రం ఏనాటిదో. ఊడదీసి వేలితో తిప్పాను. మంచి బేరింగ్ అయితే లోపలి గ్రీజు వల్ల వేలికి కాస్త బరువుగా, మెత్తగా తిరిగి ఆగిపోతుంది. ఇది ఒక్క తోపుకే గలగలా తిరుగుతూ పోయింది, మధ్యమధ్యలో ఇసుక నలిగినట్టు వేలికి తెలుస్తోంది. పక్కనే వాటర్ పంప్ కిందున్న చిన్న రంధ్రం దగ్గర కూలెంట్ కారి ఎండిన చార. ఆ రంధ్రం పెట్టిందే అందుకు, లోపలి సీల్ పాడైతే నీళ్ళు బయటికొచ్చి మనకి తెలియాలని. బెల్ట్ మార్చిన మనిషి కంటికి ఆ చార కనపడకుండా ఉండదు. చూసీ కవర్ మూసేశాడు.

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఆ బేరింగ్ పట్టేస్తే నిన్న వేసిన బెల్ట్ అయినా పోతుంది. బెల్ట్ తెగితే క్యామ్ ఆగిపోతుంది, పిస్టన్లు మాత్రం ఊపులో ఇంకా కదులుతూనే ఉంటాయి. చాలా ఇంజిన్లలో అవి వెళ్ళి తెరుచుకుని ఉన్న వాల్వులను గుద్దుతాయి. వాల్వులు వంగాయంటే అవి ఉండే ఇంజిన్ పైభాగం, అంటే హెడ్, దింపాల్సిందే. బెల్ట్ కోసం ఎలాగూ అంతా విప్పారు కదా, టెన్షనర్, బెల్ట్‌కి దారి చూపే ఐడ్లర్ చక్రం, అదే బెల్ట్ మీద తిరిగేదైతే వాటర్ పంప్ కూడా అప్పుడే మార్చేస్తే అదనపు శ్రమ ఎంతని? క్యామ్ సీల్, క్రాంక్ సీల్ దగ్గర ఆయిల్ తడి ఉంటే వాటినీ మార్చాలి, ఆయిల్ తగలకుండా తిరగాల్సిన ఇలాంటి బెల్ట్ రబ్బరు, ఆయిల్ తగిలితే పాడైపోతుంది.

"బెల్ట్ బదులు చైన్ ఉన్న కారు కొంటే ఈ గొడవే ఉండదు" అనేవాళ్ళతోనూ నాకు పేచీయే. చైన్ కూడా సాగుతుంది, దాన్ని దారిలో ఉంచే గైడ్లు అరుగుతాయి. బెల్ట్ నిన్న మొన్న వచ్చిన చవకబారు ఏర్పాటేం కాదు. 1962 నాటి జర్మన్ కారు గ్లాస్ 1004లోనే ఉంది. టైముకి మార్చడమే దానికి కావాల్సింది. మాన్యువల్‌లో కిలోమీటర్లు, సంవత్సరాలు రెండూ ఇస్తారు, ఏది ముందొస్తే అది. కారు ఎక్కువ తిరగలేదని వాయిదా వేయకండి, ఆగి ఉన్నా రబ్బరు ముసలిదవుతుంది.

పనిలో ఒళ్ళు అలిసేది క్రాంక్ పుల్లీ బోల్ట్ దగ్గర. పొడవాటి రాడ్డు, పుల్లీని కదలకుండా పట్టే టూల్ ఉండాలి. సెల్ఫ్ కొట్టి దాన్ని వదులు చేసే చిట్కా ఒకటి తిరుగుతూ ఉంటుంది, దాని జోలికి పోవద్దు. ముందే బ్యాటరీ వైరు తీసేయండి. కారు కింద స్టాండ్లు పెట్టండి, ఒక్క జాకీని నమ్ముకోవద్దు. ఇంజిన్ని కారు బాడీకి పట్టి ఉంచే మౌంట్ తీయాల్సి వస్తే చెక్క ముక్క అడ్డం పెట్టి ఇంజిన్‌కి కింద ఆసరా ఇవ్వండి.

బెల్ట్ తీసే ముందు క్రాంక్, క్యామ్ చక్రాల మీద కంపెనీ ఇచ్చిన గుర్తులన్నీ ఇంజిన్ మీది గుర్తులకి ఎదురెదురుగా రావాలి. కొత్తది క్రాంక్ దగ్గర మొదలుపెట్టి ఎక్కించండి, వదులంతా టెన్షనర్ ఉన్న వైపుకే చేరాలి. టెన్షనర్ బిగించాక పానాతో, చేత్తోనే, ఇంజిన్ తిరిగే దిక్కులో క్రాంక్‌ని రెండు చుట్లు తిప్పండి. క్రాంక్ రెండు చుట్లకి క్యామ్ ఒక చుట్టు, కాబట్టి గుర్తులు మళ్ళీ కలిసి తీరాలి. ఒక్క పన్ను తేడా ఉన్నా విప్పి మళ్ళీ పెట్టాల్సిందే. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగితే బలవంతం చేయొద్దు, వాల్వు పిస్టన్‌కి తగిలిందన్నమాట. వీడియోలు తీసేవాళ్ళు సరిగ్గా ఈ ఘట్టాన్నే ఫాస్ట్‌గా పరిగెత్తిస్తారు, బోల్టులు విప్పడం మాత్రం తీరిగ్గా చూపిస్తారు. నేనైతే ఆ రెండు చుట్లు తిప్పి చూసి, నమ్మకం కుదిరేదాకా మళ్ళీ తిప్పి, ఆ తర్వాతే తాళం చేతిలోకి తీసుకున్నాను. గరగర పోయింది.

కొన్ని ఇంజిన్లకి గుర్తులే ఉండవు, క్యామ్‌నీ క్రాంక్‌నీ పిన్నులతో లాక్ చేయాలి. మీది అలాంటిదేమో ముందు మాన్యువల్‌లో చూసుకోండి. అదే అయితే ఆ లాకింగ్ కిట్ చేతికొచ్చేదాకా కవర్ విప్పొద్దు.