హెచ్ఐవీ ఉంటే కిడ్నీ మార్పిడి చేయరా?

ప్రశ్న: మా వారికి 46 ఏళ్లు. హెచ్ఐవీకి కేజీహెచ్ ఏఆర్‌టీ సెంటర్ మందులు వాడుతున్నారు, ఇప్పుడు సెకండ్ లైన్ (మొదటి మందులు పనిచేయక మార్చిన రెండో విడత మందులు). కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్. నాకు హెచ్ఐవీ లేదు, నా కిడ్నీ ఇస్తానన్నాను. హెచ్ఐవీ ఉంటే ట్రాన్స్‌ప్లాంట్ కుదరదని ఒక ఆసుపత్రిలో చెప్పారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: కాదమ్మా. హెచ్ఐవీ ఉందన్న ఒక్క కారణంతో పంపేయడం వైద్యపరంగా సరికాదు, 2017 నాటి హెచ్ఐవీ చట్టం ప్రకారం తప్పు కూడా. 2010లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, కిడ్నీ మార్పిడి చేయించుకున్న 150 మంది హెచ్ఐవీ రోగుల్లో మూడేళ్లకు బతికున్నవారు 88 శాతం. సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) 200 దాటి ఉండాలి, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) కొన్ని నెలలుగా పరీక్షకు అందనంత తక్కువగా ఉండాలి. టీబీ లాంటివి ఉంటే ముందు నయం చేయాలి.

అసలు చిక్కు మందుల దగ్గర వస్తుంది. సెకండ్ లైన్‌లో సాధారణంగా రిటోనవిర్ అనే మందు ఉంటుంది. కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా ఇచ్చే టాక్రోలిమస్‌ను లివర్ కరిగించకుండా అది అడ్డుపడుతుంది. మామూలుగా రోజుకు రెండు పూటలా వేసే టాక్రోలిమస్, రిటోనవిర్ తోడుంటే వారానికి అర మిల్లీగ్రామో ఒక మిల్లీగ్రామో చాలు. ఇది పట్టించుకోక మామూలు డోసు ఇస్తే చేతులు వణుకుతాయి, కొత్త కిడ్నీయే దెబ్బతింటుంది. కంగారుపడి రిటోనవిర్ ఆపేస్తే రక్తంలో టాక్రోలిమస్ పడిపోయి రిజెక్షన్ (కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టడం) వస్తుంది. అసలే హెచ్ఐవీ ఉన్నవారిలో రిజెక్షన్ ఎక్కువ: ఆ అధ్యయనంలో మొదటి ఏడాదిలోనే 31 శాతం.

అందుకే టాక్రోలిమస్‌కు ఇలా అడ్డుపడని డోలుటెగ్రవిర్ అనే హెచ్ఐవీ మందుకు మార్చే వీలుందేమో ఏఆర్‌టీ డాక్టరును ఇప్పుడే అడగండి. పాత మందులు ఎందుకు పనిచేయలేదో చూసి వారు తేలుస్తారు. మార్చాక వైరల్ లోడ్ మళ్లీ చూసుకున్నాకే ఆపరేషన్. డోలుటెగ్రవిర్ వల్ల క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) 0.1–0.2 పెరుగుతుంది, అంతమాత్రాన కిడ్నీ దెబ్బతిన్నట్టు కాదు. ఈ సంగతి నెఫ్రాలజిస్టుకు ముందే తెలియాలి. డయాలసిస్‌లో ఇచ్చే కాల్షియం మాత్రలకు రెండు గంటల ముందు గానీ, ఆరు గంటల తర్వాత గానీ డోలుటెగ్రవిర్ వేసుకోవాలి. టాక్రోలిమస్ మొదలయ్యాక పంపరపనస ముట్టుకోవద్దు, రక్తంలో మందు పెరిగిపోతుంది.

1994 నాటి అవయవ మార్పిడి చట్టంలో భార్య దగ్గరి బంధువే, మీరు ఇవ్వొచ్చు. ఆపరేషన్ దగ్గరపడ్డాక మీకు హెచ్ఐవీ పరీక్ష మళ్లీ చేస్తారు. మీ కిడ్నీ సరిపోకపోతే ఆసుపత్రి ద్వారా జీవన్‌దాన్‌లో (చనిపోయినవారి అవయవాలు కేటాయించే ప్రభుత్వ పథకం) ఆయన పేరు నమోదు చేయించండి. ఇంకెవరైనా కాదంటే, కారణం కాగితం మీద రాసిమ్మని అడగండి.