అరచేతిలో ఇమిడే ప్రాణి గురించి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు చివావా అనే బుల్లి జాతి కుక్కపిల్లను తెచ్చుకోబోతున్నావని మీ అమ్మ చెప్పినప్పుడు, ఒక ప్రాణి బాధ్యతను తలకెత్తుకునేంత పెద్దదానివయ్యావని సంతోషించాను. అది ఎంత చిన్న ప్రాణియో తలచుకోగానే గుబులు పుట్టింది.

టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెడతారు. పదహారు వారాలు నిండేదాకా పశువైద్యులు చెప్పిన తేదీలు తప్పకు. నులిపురుగుల మందూ అంతే.

నా భయమంతా ఆకలి గురించే. నాలుగు నెలలు నిండని చిన్న జాతి పిల్లల ఒంట్లో చక్కెర నిల్వలు బహు స్వల్పం కనుక, కొన్ని గంటలు తిండి లేకపోయినా, చలి పట్టినా రక్తంలో చక్కెర పడిపోతుంది. మా పక్కింటివారు ఒకసారి, ప్రయాణంలో వాంతి చేసుకుంటుందేమోనని తమ కుక్కపిల్లకు పొద్దుటినుంచి ఏమీ పెట్టలేదు. ఇల్లు చేరాక అది ముడుచుకుని పడుకుంటే అలసిపోయిందనుకుని, దాన్ని లేపవద్దని పిల్లలను కూడా కసిరారు. నేను వెళ్లి చూసేసరికి చెవులు చల్లబడి, చిగుళ్లు పాలిపోయి ఉన్నాయి. ఎత్తి నిలబెడితే తూలిపోయింది. కళ్లు తెరిచే ఉన్నా చూపు ఎవరి మీదా నిలవలేదు. ఫోనులో డాక్టరుగారు చెప్పినట్టు వేలితో కాస్త తేనె తీసుకుని చిగుళ్లకు రుద్దాం. నోట్లో మాత్రం ఏమీ పోయలేదు, ఎందుకంటే స్పృహ సరిగా లేనప్పుడు పోసినది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. తువ్వాలులో చుట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళితే గ్లూకోజు ఎక్కించారు, బతికింది. తేనెతో తేరుకుని తోక ఊపినా సరే, ఆసుపత్రికి తీసుకువెళ్లవలసిందే తల్లీ. ఆ చక్కెర కాసేపే ఆదుకుంటుంది, చక్కెర పడిపోవడానికి కారణం కడుపులోని పురుగులో మరో జబ్బో అయితే అది అలాగే ఉంటుంది. అందుకని రోజుకు నాలుగైదుసార్లు కొద్దికొద్దిగా పెట్టు, రాత్రి పడుకోబోయే ముందు కూడా పెట్టు. నిద్ర మత్తులో ఈ మాట మరిచిపోయావంటే నేను ఊరుకోను.

నడుస్తూ నడుస్తూ వెనక కాలు ఎత్తి రెండు మూడు అడుగులు గెంతి, మళ్లీ మామూలుగా నడిస్తే ఆటనుకుని నవ్వవద్దు. మోకాలి చిప్ప పక్కకు జారుతోందేమో చూపించు. మెడపట్టీకి గొలుసు తగిలించి లాగకుండా ఛాతీకి వేసే హార్నెస్ కొను, ఎందుకంటే ఈ జాతుల్లో శ్వాసనాళం మెత్తబడి నొక్కుకుపోవడం తరచూ కనిపిస్తుంది. బాతు అరిచినట్టు పొడి దగ్గు రావడం దాని లక్షణం. దగ్గూ, కుంటడమూ డాక్టరు ముందు కనబడకుండా పోతాయి గనుక ఇంట్లోనే వీడియో తీసి ఉంచుకో. ఏడో నెల దాటినా పాలపళ్లు ఊడకపోతే చూపించు. వయసు మీరాక గుండె కవాటం జబ్బు వస్తుంటుంది. నిద్రలో నిమిషానికి ముప్పైకి మించి ఊపిరి తీస్తున్నట్టు పదేపదే కనిపిస్తే తాత్సారం చేయకు. మనుషులు వేసుకునే నొప్పి మాత్ర ఒక్క ముక్క కూడా పెట్టవద్దు.

పిల్ల రాకముందే, రాత్రివేళ కూడా చూసే పశువైద్యశాల ఎక్కడుందో కనుక్కుని నంబరు రాసిపెట్టుకో. వారం వారం వంటింటి త్రాసు మీద తూచి బరువు రాస్తూ ఉండు. మొదటి రోజు ఎంత ఉందో నాకూ తెలియజేయి.

నీ పెద్దమ్మ